టీటీ-02 రిమోట్ ర్యాలీ కారు నాలుగు నిమిషాలకే ఆగిపోతోంది, ట్రాక్ అంతా దుమ్ము. సాయం చేయండి

కదిరి కుర్రోడు · సెప్టెంబరు 14, రాత్రి 9:40

అన్నలూ, నమస్తే. చాన్నాళ్లుగా ఇక్కడ చదివిపోవడమే గానీ ఎప్పుడూ రాయలేదు. ఇప్పుడు తప్పట్లేదు.

కారు జపాను తామియా కంపెనీ టీటీ-02, 1/10 స్కేలు. కిట్టు తెప్పించుకుని సొంతంగా బిగించాను. మోటారు కిట్టులో వచ్చిన 540, గేర్లు కూడా కిట్టువే (మోటారు మీది చిన్న గేరు పినియన్ 22 పళ్లు, అది తిప్పే పెద్ద గేరు స్పర్ 70). ఈఎస్‌సీ (మోటారు వేగాన్ని అదుపు చేసే సర్క్యూటు) మాత్రం విడిగా కొన్నాను, 60 ఆంపియర్లది. బ్యాటరీ 2ఎస్ లైపో (రెండు సెల్లుల లిథియం పాలిమర్), 5000 ఎంఏహెచ్. ర్యాలీ బ్లాక్ టైర్లు వేశాను.

ట్రాక్ మా ఇంటి వెనక పాత కళ్లంలో. నూర్పిడి మిషన్లు వచ్చాక ఆ జాగా ఖాళీగానే ఉంది. ఎర్ర నేల. పాడైపోయిన డ్రిప్పు పైపులు కుప్పలుగా పడుంటే, వాటినే మేకులు కొట్టి రెండు పక్కలా అంచులుగా వేశాను. దారి మీటరున్నర వెడల్పు, ఒక చుట్టు దాదాపు 70 మీటర్లు. రెండు హెయిర్‌పిన్ (యూ ఆకారపు) మలుపులు, ఒక చిన్న దిబ్బ, వేప చెట్టు చుట్టూ ఒక పెద్ద మలుపు.

మొదటి సమస్య: గడియారం పెట్టినట్టు నాలుగు నిమిషాలకి ఆగిపోతుంది. స్టీరింగ్ తిరుగుతుంది, మోటారు తిరగదు. కాసేపు నీడలో పెడితే మళ్లీ నడుస్తుంది. ఆగినప్పుడు మోటారు మీద వేలు పెట్టలేకపోతున్నాను.

రెండో సమస్య: పది చుట్లు తిరిగేసరికి పైన మట్టంతా పిండి అయిపోతోంది. రెండో హెయిర్‌పిన్‌లో కారు కనపడదు, దుమ్మే కనపడుతుంది. మా అవ్వ అరుగు మీద కూచుని ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుని నన్నే చూస్తోంది.

వోల్టు మామ · సెప్టెంబరు 14, రాత్రి 10:15

తమ్ముడూ, స్టీరింగ్ పనిచేసి మోటారు ఒక్కటే ఆగిందంటే రిసీవర్‌కి కరెంటు వెళ్తోందన్న మాట. ఈఎస్‌సీ కావాలనే మోటారు ఆపుతోంది. దానికి రెండే కారణాలు: బ్యాటరీ వోల్టేజి పడిపోయిందనుకోవడం, లేదా తానే వేడెక్కడం.

ఈఎస్‌సీ మీద చిన్న జంపర్ (పీకి మార్చే ప్లగ్గు) ఉందా చూడు. లైపో, నికెల్ అని రెండు స్థానాలుంటాయి. నీది లైపో కాబట్టి లైపో వైపే ఉండాలి. నికెల్ వైపు పెట్టి నడిపితే కటాఫ్ (వోల్టేజి తగ్గగానే మోటారు ఆపడం) సరైన చోట పడదు, సెల్లు 3 వోల్టుల కిందికి వెళ్లిపోతుంది, బ్యాటరీ ఉబ్బి పోతుంది. అదే లైపో వైపు పెట్టి పాత నికెల్ ప్యాక్ వాడితే తొందరగా ఆగుతుంది.

ఈసారి ఆగగానే ఒక్కో సెల్లు ఎంత చూపిస్తోందో కొలిచి చెప్పు. ఊహలు తర్వాత.

స్లైడ్ బాబాయ్ · సెప్టెంబరు 14, రాత్రి 10:52

అసలు విషయం ఎవరూ చెప్పట్లేదు కాబట్టి నేనే చెప్తా. టీటీ-02 రోడ్డు మీద తిరగడానికి పుట్టిన బండి. మట్టిలో నడపాలంటే ఎక్స్‌వీ-01 లాంటిది కావాలి. 2012లో ర్యాలీ కోసమే చేశారు దాన్ని, మోటారు ముందు, బెల్టులన్నీ మూతల లోపల. ఇప్పుడు షాఫ్టుతో నడిచే ఎక్స్‌వీ-02 కూడా ఉంది. అమ్మేసి అది తీసుకో.

కదిరి కుర్రోడు · సెప్టెంబరు 14, రాత్రి 11:05

బాబాయ్, ఇది కొనడానికే రెండు పంటల కాలం ఆగాను. అమ్మే మాట లేదు.

పాత నైట్రో · సెప్టెంబరు 15, ఉదయం 6:20

విశాఖ నుంచి. నేను పెట్రోలు వాసన మనిషిని, ఎలక్ట్రిక్ బళ్లు ఈమధ్యే పట్టాను. కానీ రాపిడి అన్నది రెండింటికీ ఒకటే.

బాబూ, బ్యాటరీ తీసెయ్. మోటారు స్క్రూలు రెండూ విప్పి మోటారు పక్కన పెట్టు. అది లోపలుంటే అయస్కాంతం లాగుడుకి నీకేమీ తెలియదు. ఇప్పుడు కారుని నాలుగు చక్రాలూ గాల్లో ఉండేలా ఒక డబ్బా మీద పెట్టి, ఒక్కో చక్రం వేలితో విసురు. స్వేచ్ఛగా తిరిగి తనంతట తాను ఆగాలి. ఎక్కడ బరువుగా తగులుతుందో అక్కడుంది నీ నాలుగు నిమిషాలు.

ఒక ప్రశ్న కూడా. బేరింగులు వేశావా, కిట్టులో వచ్చిన ప్లాస్టిక్ బుష్షులే (యాక్సిల్ తిరిగే రింగులు) ఉంచేశావా?

డాలస్ డ్రిఫ్టు · సెప్టెంబరు 15, ఉదయం 8:03

పాత నైట్రో గారి ప్రశ్నకి +1. గేర్ల మధ్య సందు గురించి బుర్ర బద్దలు కొట్టుకోకు. టీటీ-02లో పినియన్ పళ్లని బట్టి మోటారు రంధ్రాలు ముందే ఖాయం చేసి ఉంటాయి. తప్పు రంధ్రంలో బిగిస్తే తప్ప అక్కడ పొరపాటు జరగదు.

కదిరి కుర్రోడు · సెప్టెంబరు 15, రాత్రి 8:30

జంపర్ లైపో వైపే ఉంది. కారు ఆగగానే కొలిచాను, రెండు సెల్లులూ 3.85 దగ్గర ఉన్నాయి. అంటే బ్యాటరీ నిర్దోషి.

నైట్రో గారూ, దండం మీకు. వెనక ఎడమ చక్రం తిరగడమే లేదు, తోస్తే కదులుతోంది అంతే. నట్టు విప్పి యాక్సిల్ లాగితే రాలేదు. కటింగ్ ప్లేయర్‌తో పట్టి, అటూ ఇటూ తిప్పుతూ లాగితే కిర్రుమంటూ వచ్చింది. లోపల చూస్తే కుంకుమ భరిణ తెరిచినట్టుంది. మెత్తటి ఎర్ర పొడి, గ్రీజుతో కలిసి ముద్ద కట్టి ఉంది. బుష్షు రంధ్రం గుండ్రంగా లేదు, కోడిగుడ్డు ఆకారానికి వచ్చింది. యాక్సిల్ మీద గోరు పెడితే గాడి తగులుతోంది.

తప్పు నాదే. మాన్యువల్‌లో బుష్షు అని ఉంటే బుష్షు వేసేశా. బేరింగులు తర్వాత చూద్దాంలే అనుకున్నా. పైగా మట్టిలో నడుపుతా కదా అని చేయి జారేంత గ్రీజు పూశాను.

పాత నైట్రో · సెప్టెంబరు 15, రాత్రి 9:10

ఆ గ్రీజే దుమ్ముని పట్టి దాచింది. గ్రీజు, ఎర్ర మట్టి కలిస్తే సానరాయి పేస్టే. సిమెంటు రోడ్డు మీద ఆ బుష్షులు ఏడాది నడిచినా అడగవు. మట్టిలో రెండు వారాలు.

మోటారు ఎందుకు కాలిందో కూడా తెలుసుకో. నీ దానిలాంటి బ్రష్డ్ మోటారు (లోపల కార్బన్ బ్రష్షులుండేది) మీద బరువు పెరిగేకొద్దీ వేగం తగ్గుతుంది, కరెంటు పెరుగుతుంది. కరెంటు రెట్టింపయితే తీగలో వేడి నాలుగింతలు. నీ చక్రం బ్రేకు పట్టుకుని ఉంటే మోటారు దాంతో కుస్తీ పడుతూ నాలుగు నిమిషాలు ఓర్చుకుంది, తర్వాత ఈఎస్‌సీ చేతులెత్తేసింది.

1150 సైజు బేరింగులు తెప్పించు. బయట 11 మిల్లీమీటర్లు, లోపల 5, మందం 4. రేకు మూత కాకుండా రబ్బరు సీలు ఉన్నవి అడుగు. నాలుగు చక్రాలకే కాదు, గేర్‌బాక్సుల్లో కూడా మార్చు. బయట గ్రీజు చుక్క కూడా వద్దు.

వోల్టు మామ · సెప్టెంబరు 15, రాత్రి 9:34

నైట్రో గారు మా ఊహలన్నీ ఒక్క వేలితో తోసేశారు.

ఆ మోటారుని పారేయకు. డబ్బాకి ఉన్న కిటికీల్లోంచి దుమ్ము ఊది, రెండు చివర్లా బుష్షుల్లో ఒక్కో చుక్క సన్న నూనె వెయ్. ఒక్క చుక్కే. ఎక్కువైతే లోపల బ్రష్షుల మీద పడి మసి అవుతుంది.

గోదారి గేర్‌బాక్స్ · సెప్టెంబరు 16, మధ్యాహ్నం 1:15

కారు సంగతి తేలింది కదండీ, ఇక మోటారుకి చొక్కా తొడగండి. మా ఇంట్లో పాత మేజోడు కత్తిరించి మోటారు మీద తొడిగి రబ్బరు బ్యాండు వేశాను. గాలి వెళ్తుంది, రాయి వెళ్లదు. ఛాసిస్ అడుగున ఉన్న రంధ్రాలకి లోపలి నుంచి టేపు అంటించాను. వెనక చక్రాల ముందు సైకిల్ ట్యూబు ముక్కలు మడ్‌ఫ్లాపుల్లా వేలాడదీస్తే వెనక డాంపర్ల (షాక్ అబ్జార్బర్ల) మీద రాళ్లు పడడం సగం తగ్గింది. చూడ్డానికి కూడా ర్యాలీ బండిలా ఉంటుందండి, అది వేరే సంగతి.

బాడీ మాట కూడా. లెక్సాన్ (పారదర్శక పాలీకార్బొనేటు ప్లాస్టిక్) బాడీకి రంగు లోపలి నుంచే వెయ్యాలి, అది కూడా పాలీకార్బొనేటు రంగే. బయట గోడలకి కొట్టే స్ప్రే వేస్తే మొదటి పల్టీకే పెచ్చులు లేస్తుంది. రంగు ఆరాక చక్రాల వంపుల లోపల ఫైబర్ మెష్ టేపు అంటించి దాని మీద షూ గూ (చెప్పులు అతికే జిగురు) పూసుకోండి. నా బాడీ రెండో ఏడు నడుస్తోంది.

స్లైడ్ బాబాయ్ · సెప్టెంబరు 16, రాత్రి 7:48

సరే, అమ్మొద్దులే. కానీ కిట్టు డాంపర్లు మాత్రం మార్చాల్సిందే. మామూలు టీటీ-02లో వచ్చేవి నూనె లేని ఉత్త ఫ్రిక్షన్ డాంపర్లు. మట్టి ట్రాక్ మీద కారు కప్పలా గెంతుతుంది. ఆయిల్ డాంపర్లు వేసి, మెత్తటి స్ప్రింగులు పెట్టు. మాన్యువల్‌లో కారు ఎత్తు పెంచే అమరిక ఉంటుంది, అది చూసి ఎత్తు పెంచు.

ఇంకోటి. టీటీ-02కి మధ్యలో డిఫరెన్షియల్ (రెండు వైపులా వేర్వేరు వేగంతో తిరగనిచ్చే గేర్ల అమరిక, మన మాటల్లో డిఫ్) ఉండదు. ముందు, వెనక షాఫ్టుతో నేరుగా కట్టేసి ఉంటాయి. ఉన్న రెండు డిఫ్‌లూ గేర్ డిఫ్‌లే, నూనె పోస్తే కారిపోతుంది, సీలు లేదు. ముందు దాంట్లో చిక్కటి యాంటీ వేర్ గ్రీజు కూరు, వెనకది వదిలెయ్. థ్రాటిల్ నొక్కగానే ముందు చక్రాలు కారుని మలుపులోంచి లాక్కొస్తాయి. కావాలంటే నన్ను తిట్టుకో, కానీ ఒకసారి చూడు.

కదిరి కుర్రోడు · సెప్టెంబరు 24, సాయంత్రం 6:55

బేరింగులు వచ్చాయి. నిన్న రాత్రంతా విప్పడం, బిగించడం.

కొత్తగా బిగించేవాళ్లకి ఒక మాట. ప్లాస్టిక్‌లోకి దిగే స్క్రూని తీసి మళ్లీ బిగించేటప్పుడు ముందు వెనక్కి తిప్పండి. ఒక చోట టిక్కుమని పాత గాడిలో పడుతుంది, వేలికి తెలుస్తుంది. అప్పుడు ముందుకి తిప్పండి. నేరుగా బిగిస్తే కొత్త గాడి కోస్తుంది, మూడోసారికి రంధ్రం వదులైపోతుంది. నాకు ఒకటి అలాగే పోయింది. ఇంకా, జపాను స్క్రూలకి జేఐఎస్ (జపాను ప్రమాణం) స్క్రూడ్రైవర్ కావాలట, మామూలు స్టార్ డ్రైవర్ జారి తల అరిగిపోతోంది.

ఫలితం: ఆగకుండా 21 నిమిషాలు. మోటారు వేడిగానే ఉంది కానీ వేలు ఆనించగలుగుతున్నా. అదే కారు, అదే బ్యాటరీ!

ఇక దుమ్ము. ఏదన్నా చెప్పండి.

డాలస్ డ్రిఫ్టు · సెప్టెంబరు 24, రాత్రి 9:20

మీ నేలని చూస్తే నాకు సఫారీ ర్యాలీ గుర్తొస్తోంది. కెన్యాలో నైవాషా దగ్గర ఫెష్‌ఫెష్ అంటారు, పైకి గట్టిగా కనపడుతుంది, కింద పిండి. అసలు కార్లే అందులో దిగబడతాయి, ఇంజను దుమ్ము మింగకుండా గాలి గొట్టాన్ని పైకి పెట్టుకుని వస్తాయి.

ఇక్కడ నాకు సరిగ్గా తలకిందుల సమస్య. డాలస్ చుట్టూ ఉన్న నేల మన నల్లరేగడికి అన్నదమ్ముడు. వానకి జిగురు, ఎండకి అరచెయ్యి పట్టేంత పగుళ్లు. నా పెరటి ట్రాక్‌లో జులై వచ్చేసరికి కారు చక్రం పగులులో ఇరుక్కుంటుంది. ఇసుక కలిపి కొంత నెగ్గాను. ఇక్కడి ట్రాకుల వాళ్లు కొందరు కాల్షియం క్లోరైడు చల్లుతారు, అది గాల్లోంచి తేమ పీల్చి నేలని పట్టి ఉంచుతుంది. కాకపోతే ఉప్పు కాబట్టి బేరింగులు, స్క్రూలు తుప్పు పడతాయి. రబ్బరు సీలు ఉన్నా పడతాయి. పక్కన మొక్కలుంటే అవీ పోతాయి.

గోదారి గేర్‌బాక్స్ · సెప్టెంబరు 24, రాత్రి 9:41

ఉప్పు ఎందుకండీ, బెల్లం నీళ్లు చల్లుకోండి. అమెరికాలో ఇండోర్ మట్టి ట్రాకులకి పంచదార నీళ్లు కొడతారని విన్నాను. మన దగ్గర పాత సున్నం గోడలకి బెల్లం కలిపేవారు కదా.

వోల్టు మామ · సెప్టెంబరు 24, రాత్రి 9:50

గోదావరి అన్నా, ఇండోర్ అంటే పైకప్పు ఉంటది. కదిరిల ఆరుబయట బెల్లం చల్లితే కారు కంటె ముందు చీమలు ర్యాలీ చేస్తయి.

గోదారి గేర్‌బాక్స్ · సెప్టెంబరు 24, రాత్రి 9:58

అదీ నిజమేనండి. వెనక్కి తీసుకుంటున్నా.

వోల్టు మామ · సెప్టెంబరు 24, రాత్రి 10:12

నా పద్ధతి చెప్త. మాది చల్కా నేల, మీ దానికి దగ్గరే. పైన పిండి అయిందంటే ముందు దాన్ని ఊడ్చి అవతల పొయ్యాలె, దాని మీద నీళ్లు చల్లి లాభం లేదు, పెచ్చు కట్టి లేస్తది. తర్వాత జల్లెడ పట్టిన మొరం పల్చగా పరిచి, తడిపి, కొట్టాలె. మలుపుల్లోనే ఎక్కువ పని. సీదా దారిల కారు నేలని ఏం చెయ్యదు, మలుపుల్లో చక్రం తిప్పినప్పుడే తవ్వుతది.

పాత నైట్రో · సెప్టెంబరు 25, ఉదయం 6:05

నడిపే పొద్దు కూడా చూసుకో. మధ్యాహ్నం ఎండలో ఏ నేలైనా లేస్తుంది. తెల్లవారి మంచు తేమ ఉండగా గంట, లేకపోతే పొద్దు వాలాక గంట. బ్యాటరీకి కూడా అదే మంచిది. ఎండలో నడిపి వేడి మీదున్న లైపోని అప్పటికప్పుడు ఛార్జింగు పెట్టకు, చల్లారనివ్వు. 5000 ఎంఏహెచ్ ప్యాక్‌కి 5 ఆంపియర్లు, బ్యాలెన్స్ మోడ్ (సెల్లులన్నీ సమానంగా నింపేది). పడుకునేటప్పుడు ఛార్జింగు పెట్టి వదిలెయ్యకు.

కదిరి కుర్రోడు · అక్టోబరు 6, రాత్రి 8:10

దుమ్ము కథ ముగిసింది. మందు మా ఇంట్లోనే ఉంది.

మామ చెప్పినట్టు పిండంతా ఊడ్చి, గరుసు తెచ్చి జల్లెడ పడుతుంటే అవ్వ వచ్చి నిలబడింది. "ఏందిరా, కళ్లం చేస్తాండావా?" అంది. కారుకి దారి చేస్తున్నా అన్నా. "దారైతే ఏంది, కళ్లమైతే ఏంది, నేల లేస్తాంది గదా" అని కొంగు బిగించింది.

ఆమె చేయించింది ఇది. సాయంత్రం నేలంతా తడపడం, బురద కాకుండా. రాత్రంతా వదిలెయ్యడం. తెల్లారి మట్టిని పిడికిట్లో పట్టుకుని చూసింది. ముద్ద కట్టాలి, చేతికి అంటకూడదు. "ఇప్పుడు కొట్టు" అంది. అటక మీంచి తాత కాలం నాటి దిమ్మిస దింపింది. నేనూ మా చిన్నాన్న కొడుకూ మార్చి మార్చి రెండు గంటలు కొట్టాం, మర్నాడు చేతులు ఎత్తలేకపోయాం. తర్వాత పేడ నీళ్లు పల్చగా చల్లి, కొబ్బరి చీపురుతో ఒకే వైపుకి అలికింది. ఆరాక ఇంకోసారి. హెయిర్‌పిన్‌ల దగ్గర మూడుసార్లు.

ఇప్పుడు 40 చుట్లు తిరిగినా లేచే దుమ్ము మోకాలి ఎత్తు కూడా రావట్లేదు. టైర్లకి పట్టు దొరుకుతోంది, అలాగని మరీ అతుక్కుపోదు. ఎడమ మలుపుకి ముందు కొంచెం కుడికి తిప్పి వదిలితే వెనక భాగం తనే ఊగి మలుపులోకి తిరుగుతోంది. బాబాయ్, ముందు డిఫ్‌లో గ్రీజు కూరమన్నావు చూడు, నిన్ను తిట్టుకోలేదు.

డాలస్ డ్రిఫ్టు · అక్టోబరు 6, రాత్రి 9:02

ఇక్కడ నేను పేడ ఎక్కడి నుంచి తేవాలి? టెక్సాస్‌లో ఆవులకి కొదవ లేదు, మా హౌసింగ్ సొసైటీ వాళ్లతోనే గొడవ.

స్లైడ్ బాబాయ్ · అక్టోబరు 6, రాత్రి 9:30

అవ్వకి మన వేదికలో ఒక అకౌంటు తెరవండి.

ఇక ట్రాక్ ఉంది కదా అని అందర్నీ ఒకేసారి వదిలి గుద్దుకోకండి. ర్యాలీ అంటే గడియారంతో పోటీ. ఒక్కో కారూ విడిగా బయల్దేరాలి, అన్ని స్టేజీల సమయాలూ కలపాలి, తక్కువ వచ్చినవాడు గెలిచినట్టు. మీటరున్నర దారికి అదే సరి. డ్రిప్పు పైపు దాటి అడ్డదారి పడితే 5 సెకన్లు కలపండి. అదే ట్రాక్‌ని తిరగేసి నడిపితే రెండో స్టేజి అయిపోతుంది, ఖర్చు లేదు.

కదిరి కుర్రోడు · అక్టోబరు 13, రాత్రి 9:15

నిన్న పెట్టాం. మూడు కార్లు, నాలుగు స్టేజీలు. నాది టీటీ-02, మా చిన్నాన్న కొడుకుది 1/14 బగ్గీ (మట్టిలో నడిపే రకం రిమోట్ కారు), టౌను నుంచి వచ్చిన ఫ్రెండుది ఇంకో టీటీ. ఫోన్లో స్టాప్‌వాచ్.

నేర్చుకున్నవి: ఒకచోట నిలబడితే అవతలి హెయిర్‌పిన్‌లో కారు వస్తోందో పోతోందో తెలియదు. బాడీ వెనక పసుపు టేపు అంటించాక తెలిసింది. వేప చెట్టు దగ్గర మనిషిని పెట్టాలి, కారుని ఎత్తడానికి కాదు, కుక్కని ఆపడానికి. మూడో స్టేజిలో కోడి ఒకటి పిల్లలతో సహా దారి దాటింది. ఆ 8 సెకన్లు తీసెయ్యమని మా వాడు గంట సేపు వాదించాడు. తియ్యలేదు.

బగ్గీ గెలిచింది. నేను 6 సెకన్ల తేడాతో రెండు. 1/14 బండి ఆ దిబ్బ మీద అంత బాగా దిగుతుందని అనుకోలేదు.

స్లైడ్ బాబాయ్ · అక్టోబరు 13, రాత్రి 9:40

కోడి సమయం తీసెయ్యకపోవడమే న్యాయం. అసలు ర్యాలీల్లో ఆవులు, గొర్రెలు అడ్డం వస్తాయి. ఎవరు లెక్క తీస్తారు?

వోల్టు మామ · అక్టోబరు 13, రాత్రి 10:05

దీపావళి సెలవులకి నేనూ వస్త. నా కారు 1/10 బగ్గీ, బ్రష్‌లెస్. పార్సిలు కస్టమ్స్‌ల ఇరుక్కుని నెల దాటినంక వచ్చింది. బొమ్మల మీద సుంకం 2020ల 20 నుంచి 60 శాతం చేసిండ్రు, 2023ల 70. పెట్టె మీద బొమ్మ అని రాస్తే అంతే సంగతి. ఎవరన్న బయటి నుంచి తెప్పించుకునేటట్టుంటే కొన్నప్పుడే లెక్క వేసుకోండ్రి.

తేదీ చెప్పు తమ్మీ, బస్సు బుక్ చేస్త.

కదిరి కుర్రోడు · అక్టోబరు 27, ఉదయం 7:25

మామా, బస్సు ఆపు.

వేరుశనగ పీకడం మొదలైంది. కాయలు రోడ్డు మీద ఆరబోస్తే బళ్లు తొక్కిపోతున్నాయని అవ్వకి ఎప్పటి నుంచో బాధ. నిన్న సాయంత్రం నేను టౌనుకి వెళ్లొచ్చేసరికి మేకులు పీకేసి, డ్రిప్పు పైపులు చుట్టలు చుట్టి గోడకి ఆనించింది. స్టార్టు లైను నుంచి వేప చెట్టు దాకా కే-6 (కదిరి-6 రకం వేరుశనగ) కాయలు. "ఇంత మంచి కళ్లం చేసుకుని కారు తిప్పుకుంటావా" అంది.

కాయ ఎండి మూటలు కట్టేదాకా ర్యాలీ వాయిదా. రెండో హెయిర్‌పిన్ ఒక్కటి ఖాళీగా వదిలింది, అక్కడ నీడ పడుతుందట.